పాత రంగు, సీసపు ధూళి

మాఘమాసము వచ్చినదంటే అంతర్వేదిలో ఇంటింటా రంగులపని మొదలవుతుంది. శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణము. మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవము. సఖినేటిపల్లి రేవులో పంటు దిగి వచ్చేవారు, రాజోలు వైపు నుండి బస్సులలో వచ్చేవారు, దూరాన కాపురాలున్న ఆడపడుచులు, అల్లుళ్ళు - అందరికీ ఆ నాలుగు రోజులూ ఇల్లు తెరచి ఉంచవలసినదే. అందుచేత తీర్థము నాటికి గోడలకు సున్నము, తలుపులకు రంగు, గడపకు పసుపు పడితీరవలెను.

కొత్త రంగు నిలవాలంటే పాత రంగు గీకవలెను. ఆ రోజులలో ఏ వీధిని నడిచినా గరుకు కాగితము చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. మేస్త్రీ తలుపును రుద్దుతూ ఉంటాడు. రాలిన పొడి అరుగు మీద పలుచగా పరచుకుంటుంది. ఆ అరుగు మీదనే పిల్లలు ఆడుకుంటూ, తినుబండారాలు తింటూ ఉంటారు. సాయంకాలము ఇల్లాలు చీపురుతో ఆ పొడిని వీధిలోనికి ఊడుస్తుంది. సగము వీధిలో పడుతుంది, సగము గాలిలో లేచి మరల ఇంటిలోనికే వస్తుంది. ఇందులో ఎవరికీ ఏ తప్పూ కనబడదు.

1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను ఊడ్చిపెట్టిన తరువాత మా ఇంటి తలుపులనూ, కిటికీలనూ బాగుచేయించినారు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. మేస్త్రీ గీకుతూ ఉంటే, రాలిన పొడిని నోటితో ఉఫ్ఫని ఊది చెక్కను శుభ్రము చేయడము నా పని. పసుపుపచ్చని పొడి చేతులకు అంటుకుంటే లాగుకు తుడుచుకునేవాడిని. ఆ పొడిలో ఏమున్నదో కాలేజీలో రసాయనశాస్త్రము చదివిన తరువాత గాని నాకు తెలియలేదు. నేటి పిల్లలకైనా ఆ సంగతి ముందుగా తెలియవలెనన్నదే ఈ వ్యాసము ఉద్దేశము.

రంగులోనికి సీసము ఎందుకు వచ్చినది?

సీసము బరువైన లోహము. ఒక ఘనసెంటీమీటరు సీసము తూకము 11 గ్రాములకు పైగా ఉంటుంది. మెత్తనిది, 327 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరుగుతుంది. ఈ లోహము కంటె దాని సమ్మేళనాలే రంగుల పరిశ్రమకు ఎక్కువగా ఉపయోగపడినవి.

వానిలో మొదటిది తెల్లసీసము. ఇది సీసము యొక్క క్షార కార్బొనేటు. అవిసెనూనెలో నూరి పూస్తే చెక్కను చక్కగా కప్పుతుంది. నూనెతో కలసి గట్టి పొరగా మారుతుంది. రెండవది సింధూరము. ఇది సీసము ఆక్సైడు. ఇనుముకు తుప్పు పట్టకుండా అడుగుపూతగా దీనిని వాడేవారు. మూడవది సీసము క్రోమేటు. నిగనిగలాడే పసుపుపచ్చ దీని వలన వస్తుంది. దీనికి నీలము కలిపితే ఆకుపచ్చ. మాలిబ్డినము సమ్మేళనము చేరితే నారింజ, ఎరుపు. ఇవిగాక రంగు త్వరగా ఆరడానికి కూడా కొన్ని సీసపు లవణాలను నూనెలో కలిపేవారు. అందుచేతనే పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ రంగులలో సీసము మిక్కిలి ఎక్కువగా ఉంటూ వచ్చినది.

ఒక చిన్న భేదము ఇక్కడ గుర్తుంచుకోవలెను. మన దుకాణాలలో రెడ్ ఆక్సైడు అని అమ్మే అడుగుపూతకు రంగునిచ్చేది ఇనుము ఆక్సైడు. రెడ్ లెడ్ అనేది సింధూరము. రెండూ ఎర్రగానే ఉంటవి, ఒకటి మాత్రము సీసము. కంటితో చూచి వీనిని వేరుచేయడము సాధ్యము కాదు.

గోడ, తలుపు, గడప

కోనసీమలోని పాత ఇండ్లలో సీసము ఎక్కడ ఉండగలదు? మండువా లోగిలినే తీసుకుందాము. గోడలకు తరతరాలుగా వేసినది సున్నము. తెలుపు మెరవడానికి కొంచెము నీలిమందు కలుపుతారు. సున్నము కాల్షియము సమ్మేళనము. అందులో సీసము లేదు. కాబట్టి సున్నము మాత్రమే వేసిన గోడను గురించి భయము అక్కరలేదు.

నూనెరంగు వేసిన చోటులే చూడవలసినవి. వీధి తలుపులు, ద్వారబంధాలు, కిటికీ రెక్కలు, ఊచలు, మండువా చుట్టూ ఉన్న స్తంభాలు, ఊయల బల్ల, పిల్లల ఉయ్యాల తొట్టి, ఇటీవలి ఇండ్లలో ఇనుప గ్రిల్లు, గేటు. వీనికి పదేసి ఏండ్లకు ఒక పొర చొప్పున రంగు మీద రంగు పడుతూ వచ్చినది. పైపొర నిన్నటిది కావచ్చును. అడుగుపొర తాతగారి నాటిది.

అన్నిటికంటె ముఖ్యమైనది గడప. గడపకు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టడము మన ఆచారము. రోజూ రాయలేక, పసుపుపచ్చ ఎనామిల్ పూసి దాని మీద ఎర్ర రంగు చుక్కలు పెట్టే అలవాటు ఇప్పుడు ఊరూరా ఉన్నది. ప్రతి పండుగకూ ఒక పొర. సీసము ఎక్కువగా ఉండే రంగులు పసుపు, ఎరుపు అని పైన చెప్పుకున్నాము. ఇంటిలో కాళ్ళ రాపిడి ఎక్కువగా తగిలే చోటు గడప. పాకే బిడ్డ పట్టుకుని నిలబడేదీ, కూర్చుని ఆడేదీ, పండ్లు వచ్చేటప్పుడు నోరు పెట్టేదీ ఆ గడప మీదనే.

దీనికి తోడు అంతర్వేది సముద్రపు ఒడ్డున ఉన్నది. ఉప్పుగాలికి గ్రిల్లు తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి రంగును పెళ్ళలుగా లేపుతుంది. ఎండకు రంగు పొరలోని నూనె చెడి, ముట్టుకుంటే పొడి అంటుతుంది. కాబట్టి మెట్ట ప్రాంతాల కంటె ఇక్కడ గీకడము, తిరిగి వేయడము తరచుగా జరుగుతుంది. పల్లిపాలెములో నావలకు రంగు వేసేవారికి కూడా ఇదే మాట వర్తిస్తుంది.

ఒక చదరపు అడుగు లెక్క

చెదరని రంగు తలుపు మీద ఉన్నంత కాలము దాని వలన హాని స్వల్పము. దానిని పొడి చేసినప్పుడే అసలు ప్రమాదము. ఎంత ప్రమాదమో హైస్కూలు విద్యార్థి కూడా లెక్క కట్టగలడు.

ఒక చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లిగ్రాము సీసము ఉంటే ఆ రంగును సీసపు రంగుగా అమెరికా దేశపు నిబంధనలు గుర్తిస్తవి. అటువంటి రంగును ఒక్క చదరపు అడుగు మేర పొడిగా గీకినామని అనుకుందాము. ఒక చదరపు అడుగు అనగా 929 చదరపు సెంటీమీటర్లు. అనగా 929 మిల్లిగ్రాముల సీసము ధూళిగా మారినది. ఈ ధూళి పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గదిలో సమముగా పరచుకుంటే, నేల వైశాల్యము 100 చదరపు అడుగులు కాబట్టి, ప్రతి చదరపు అడుగు మీద 9.29 మిల్లిగ్రాములు, అనగా 9,290 మైక్రోగ్రాములు పడుతుంది.

సీసపు రంగును తొలగించిన తరువాత నేల మీద చదరపు అడుగుకు 5 మైక్రోగ్రాముల లోపు మాత్రమే మిగలవలెనని ఆ దేశపు పర్యావరణ సంస్థ 2024లో నిర్ణయించినది. మన లెక్కలో వచ్చినది దానికి 1,800 రెట్లకు పైన! ఇది ఒక్క చదరపు అడుగు మాట. ఒక తలుపు రెండు ప్రక్కలా కలిపి సుమారు 40 చదరపు అడుగులు ఉంటుంది.

ఆ ధూళి కంటికి పూర్తిగా కనబడదు. మన వెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. గరుకు కాగితము రాల్చే ధూళిలో 10 మైక్రానుల కంటె చిన్న రేణువులు కూడా ఉంటవి. ఇవి గాలిలో చాలాసేపు తేలుతూ ఉండి, ఊపిరితో లోనికి పోతవి. బ్లో ల్యాంపుతో రంగును కాల్చి ఊడదీయడము ఇంకా చెడ్డది. అప్పుడు సీసము పొగగా మారుతుంది. పొగ రేణువులు ధూళి రేణువుల కంటె కూడా చిన్నవి.

శరీరములో సీసము చేసే పని

శరీరము సీసమును కాల్షియమని పొరపడుతుంది. కాల్షియము పోయే దారులలోనే దానిని లోనికి రానిస్తుంది. పెద్దవారు మింగిన సీసములో సుమారు పదవ వంతు రక్తములో చేరితే, చిన్నపిల్లలలో సగము వరకు చేరుతుంది. ఆకలితో ఉన్నప్పుడు, ఆహారములో ఇనుము, కాల్షియము తక్కువగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువగా చేరుతుంది. రక్తహీనత గల పిల్లలకు ప్రమాదము ఎక్కువ అనడానికి కారణము ఇదే.

రక్తములో చేరిన సీసము హెమోగ్లోబిను తయారీకి అడ్డు తగులుతుంది. రక్తములో ఉన్న సీసము సుమారు ఒక నెలలో సగానికి తగ్గుతుంది. ఐతే అదంతా బయటకు పోదు. కొంత భాగము ఎముకలలో చేరి దశాబ్దాల తరబడి అక్కడ నిలవ ఉంటుంది. స్త్రీ గర్భవతి అయినప్పుడు ఎముకల నుండి కాల్షియముతో పాటు ఈ సీసము కూడా కదలి రక్తములోనికి వచ్చి, మాయను దాటి బిడ్డను చేరగలదు. చిన్ననాడు పీల్చిన ధూళి ఈ విధముగా మరుసటి తరానికి అందుతుంది.

రంగులపని చేసేవారికి వచ్చే కడుపునొప్పులు, మలబద్ధము, పాలిపోవడము, మణికట్టు వాలిపోవడము వైద్యులకు శతాబ్దాలుగా తెలిసినవే. పిల్లలలో హాని మరొక విధముగా ఉంటుంది. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే అమెరికా వైద్యుడు బడిపిల్లల ఊడిన పాలపండ్లు సేకరించి వానిలోని సీసమును కొలిచినాడు. ఏ పిల్లవాని పంటిలో ఎంత సీసమున్నదో తెలియని ఉపాధ్యాయులను తరగతిలో ఆ పిల్లల ధ్యాస, ఓపిక, చెప్పినది చేసే నేర్పు ఎట్లా ఉన్నవో అడిగి రాయించుకున్నాడు. పంటిలో సీసము పెరిగిన కొద్దీ ధ్యాస నిలవని పిల్లల సంఖ్య కూడా పెరిగినది. బుద్ధి పరీక్షలలో వారి మార్కులు తగ్గినవి. ఆ పిల్లలలో ఎవరికీ రోగమున్నట్లు పైకి కనబడలేదు! మన తరగతులలో వెనుక బల్ల మీద కూర్చుని, చెప్పినది వెంటనే మరచిపోయే పిల్లవానిని మందలించే ముందు ఈ పరిశోధనను జ్ఞాపకము చేసుకోవడము మంచిది. కారణాలు ఎన్నో ఉండవచ్చును. ఇది కూడా ఒకటి కావచ్చును.

2020 డిసెంబరులో ఏలూరు పట్టణములో వందలమంది హఠాత్తుగా మూర్ఛలతో ఆస్పత్రి పాలైనప్పుడు, కొందరి రక్తములో సీసము, నికెలు కనబడినవని ఢిల్లీలోని అఖిల భారత వైద్యశాస్త్ర సంస్థ తెలిపినది. తరువాత నిపుణులు పురుగుమందుల అవశేషాలను ముఖ్య కారణముగా చూపినారు. ఆ రోజులలో సీసము పేరు ప్రతి ఇంటిలోనూ వినబడినది. ఐతే రంగు ధూళి అట్లా ఒక్కనాడు మనిషిని పడవేయదు. అది మెల్లగా, చప్పుడు లేకుండా పని చేస్తుంది. అందుచేత దానిని గురించి వార్త రాదు. హాని లేని సీసపు మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 100 మిల్లిలీటర్ల రక్తములో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి కనబడితే అది ఎక్కడి నుండి వస్తున్నదో వెదకి ఆపవలెనని ఆ సంస్థ 2021లో సూచించినది.

బ్రిస్బేన్ నగరపు వరండాలు

పిల్లల సీసపు విషానికి ఇంటి రంగు కారణమని మొదట గుర్తించినది మన వంటి ఉక్కపోత దేశములోనే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు ముఖ్యపట్టణము బ్రిస్బేన్. అక్కడి ఇండ్లు చెక్క ఇండ్లు. చుట్టూ వరండాలు, వానికి తెల్లరంగు వేసిన కమ్మీలు. 1890 ప్రాంతము నుండి అక్కడి వైద్యులు సీసపు విషము సోకిన పిల్లలను చూస్తూ వచ్చినారు. విషము ఎక్కడిదో తెలియలేదు. నీళ్ళను అనుమానించినారు, పాత్రలను అనుమానించినారు. 1904లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి వైద్యుడు దోషము వరండా కమ్మీలదని తేల్చినాడు. ఎండకూ వానకూ రంగు పొడిబారుతుంది. పిల్లలు దానిని పట్టుకుని ఆడతారు. వేళ్ళు చీకుతారు, గోళ్ళు కొరుకుతారు.

ఆయన మాట లోకమంతా ఒప్పుకోవడానికి చాలా కాలము పట్టినది. 1921లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశము ఇండ్ల లోపలి పనికి తెల్లసీసమును నిషేధించే ఒడంబడికను చేసినది. అమెరికాలో ఇండ్ల రంగులలో సీసమును 1978లో నిషేధించినారు. 1978కి ముందు కట్టిన ఇండ్లను మరమ్మతు చేసే మేస్త్రీలు శిక్షణ పొంది, నిర్ణీత పద్ధతిలోనే పని చేయవలెనన్న నిబంధన 2010లో అక్కడ అమలులోనికి వచ్చినది. మన దేశములో 2016లో ప్రకటించి, 2017 నవంబరు 1 నుండి అమలు చేసిన నిబంధనల ప్రకారము ఇండ్లకు వేసే రంగులలో పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించి సీసము ఉండరాదు. అంతకు ముందు మన మార్కెట్టులోని ఎనామిల్ రంగులను పరీక్షించినప్పుడు వేల భాగాలు, కొన్నిటిలో పదివేలకు మించిన భాగాలు కనబడినవి.

ఈ చట్టము కొత్త డబ్బాలకు సంబంధించినది. మన తలుపుల మీద ఇదివరకే ఉన్న పొరలను అది తొలగించదు. ఆ పొరలను తొలగించేది మేస్త్రీ చేయి. కాబట్టి ఆ చేయి ఎట్లా పని చేయవలెనో చూద్దాము.

పని చేసే పద్ధతి

మా వీధిలో తలుపు గీకుతున్న ఒక మేస్త్రీతో ఈ మాట ఎత్తినాను. "ముప్పై ఏళ్ళ నుంచీ ఇదే పనండి మాస్టారూ, నాకేమయిందండి?" అన్నాడు. "మీకేమీ కాకపోవచ్చు మేస్త్రీ గారూ. సాయంత్రం ఈ లుంగీతోనే ఇంటికి వెళ్ళి మనవణ్ణి ఎత్తుకుంటారు గదా, వాడి సంగతేమిటి?" అన్నాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత "అయితే ఎలా చెయ్యమంటారో చెప్పండి" అన్నాడు. ఆయనతో చెప్పినదే ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటిది - అక్కరలేనిచోట గీకవద్దు. గట్టిగా అంటుకుని ఉన్న పాత రంగును సబ్బునీటితో కడిగి, ఆరనిచ్చి, దాని మీదనే కొత్త పొర వేయవచ్చును. లేచిన చోట, పగిలిన చోట మాత్రమే గీకవలెను. 2017కి ముందు వేసిన నూనెరంగులో సీసము లేదని పరీక్షలో తేలే వరకు, ఉన్నదనుకునే పని చేయవలెను.

రెండవది - మనుషులను దూరముగా ఉంచవలెను. పని ముగిసి శుభ్రము చేసే వరకు పిల్లలు, గర్భిణులు ఆ గదిలోనికి గాని ఆ అరుగు మీదికి గాని రాకూడదు. మంచాలు, బియ్యపు డబ్బాలు, మంచినీళ్ళ బిందెలు ముందుగానే తీసివేయవలెను. పశువులను కూడా దూరముగా కట్టవలెను. రంగు పెళ్ళలు నాకి దూడలు చనిపోవడము పశువైద్యులు ఎరిగినదే.

మూడవది - పట్టా పరచవలెను. తలుపు నుండి ఆరడుగుల దూరము వరకు మందమైన పాలిథిన్ పట్టా పరచి, అంచులు నేలకు అంటించవలెను. ఆరుబయట పని అయితే పది అడుగులు. ప్రక్క గది ద్వారానికి కూడా ఒక పట్టా వ్రేలాడదీసి, ఫ్యాను ఆపివేయవలెను. తలుపు రెక్కను ఊడదీయగలిగితే పెరటిలో పట్టా మీద పెట్టి పని చేయడము ఇంకా సులువు.

నాలుగవది - గాలిని చూచుకోవలెను. పగలు నేల సముద్రము కంటె త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేచి, ఆ చోటికి సముద్రము మీది చల్లగాలి వస్తుంది. సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఈ గాలి పొద్దెక్కిన కొద్దీ బలపడుతుంది. కాబట్టి ఆరుబయట గీకే పనిని ఉదయమే, గాలి నిలకడగా ఉన్నప్పుడే ముగించవలెను.

ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది - తడిపి గీకవలెను. పిచికారీ సీసాతో నీళ్ళు చల్లి, రంగు తడిసిన తరువాత లప్పము రేకుతో గీకవలెను. పొడి కాగితము బదులు వాటర్ పేపరుతో, నీళ్ళు చల్లుతూ రుద్దవలెను. తడి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి క్రిందనే పడతవి; గాలిలోనికి లేవలేవు. చెక్కను నీళ్ళలో ముంచినంత పని అక్కరలేదు. తేమగా ఉంటే చాలును. స్విచ్చి బోర్డు దగ్గర మాత్రము నీళ్ళు చల్లరాదు. ముందు కరెంటు ఆపుచేయించవలెను. ఇనుప ఊచలను తడిపి గీకిన తరువాత గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, అదే రోజున అడుగుపూత వేయవలెను. లేనిచో ఉప్పుగాలికి మరునాటికే తుప్పు పడుతుంది. ధూళిని పీల్చుకునే ఏర్పాటు లేని కరెంటు రాపిడి యంత్రమును, బ్లో ల్యాంపును ఈ పనికి వాడనే కూడదు.

ఆరవది - ఊడ్చకూడదు, తుడవవలెను. చీపురు ధూళిని లేపుతుంది. పని అయిన తరువాత పట్టా మీద నీళ్ళు చల్లి, అంచులను లోపలికి మడిచి చుట్టవలెను. తరువాత రెండు బకెట్లు పెట్టుకోవలెను: ఒకదానిలో సబ్బునీరు, రెండవదానిలో మామూలు నీరు. గుడ్డను సబ్బునీటిలో ముంచి తుడిచి, రెండవ బకెట్టులో జాడించి, మరల సబ్బునీటిలో ముంచవలెను. నీళ్ళు మురికి కాగానే మార్చవలెను. గోడ నుండి గుమ్మము వైపు తుడుస్తూ రావలెను. కిటికీ అంచులు, గడప ప్రక్క సందులు మరువరాదు. చివరకు తెల్లని తడిగుడ్డతో తుడిచి చూడవలెను. గుడ్డ మాసితే పని మిగిలి ఉన్నదన్నమాట.

మేస్త్రీ తనను తాను కాపాడుకునే పద్ధతి

ముఖానికి చుట్టుకునే తువ్వాలు సన్నని ధూళిని ఆపలేదు. ఎన్-100 తరగతి ముసుగు మేలైనది. కనీసము ఎన్-95 అయినా ముక్కుకు, గడ్డానికి సందు లేకుండా పెట్టుకోవలెను. పని జరిగే చోట బీడీ కాల్చడము, టీ తాగడము, తాంబూలము వేసుకోవడము మానవలెను. వేళ్ళకంటిన సీసము నోటిలోనికి పోయేది ఆ దారినే. భోజనానికి ముందు సబ్బుతో చేతులు, ముఖము కడుగుకోవలెను. పనికి వేరుగా ఒక జత బట్టలు ఉంచుకుని, అక్కడే విడిచి, సంచిలో మూటకట్టి తీసుకుపోవలెను. ఇంటివారి బట్టలతో వానిని కలిపి ఉతకరాదు. స్నానము చేసిన తరువాతనే పిల్లలను ఎత్తుకోవలెను.

ఈ జాగ్రత్తలకు పట్టా, ముసుగు, సబ్బు, అదనముగా ఒక పూట పని కావలెను. ఆ ఖర్చును మేస్త్రీ తన కూలిలో భరించవలెననడము న్యాయము కాదు. పని చేయించుకునే ఇంటివారు బేరము దగ్గరనే దానిని ఒప్పుకోవలెను. త్వరగా, చవకగా చేయమని వారు తొందరపెట్టినంత కాలము ఏ మేస్త్రీ అయినా పొడి కాగితమే పట్టుకుంటాడు.

గీకిన చెత్త, విరిగిన చెక్క

గీకిన పెళ్ళలు, పొడి, తుడిచిన గుడ్డలు మందమైన సంచిలో వేసి మూతి కట్టి, ఊరి చెత్తబండి వారికి వేరుగా చెప్పి ఇవ్వవలెను. కాలువలో గాని, చెరువులో గాని, కొబ్బరిచెట్ల పాదులలో గాని వేయరాదు. సీసము మూలకము, అది కుళ్ళిపోదు, మరొకటిగా మారదు. పడిన మట్టిలో తరతరాలు ఉంటుంది.

మరొక అలవాటును గురించి కూడా చెప్పవలెను. పాత తలుపు చెక్కలను, కిటికీ రెక్కలను ముక్కలు చేసి నీళ్ళపొయ్యిలో పెట్టడము మనకు పరిపాటి. రంగు వేసిన చెక్కను కాల్చితే సీసము కొంత పొగలో పోతుంది, మిగిలినది బూడిదలో ఉంటుంది. ఆ బూడిదతోనే గిన్నెలు తోముతారు. ఆ బూడిదనే ఆకుకూర మడిలో చల్లుతారు. చెక్క పొయ్యిలో కాలిపోయినా, సీసము మాత్రము ఈ దారిన తిరిగి కంచములోనికి వస్తుంది. కాబట్టి రంగు చెక్కను పొయ్యిలో పెట్టనే కూడదు.

కొత్త రంగు, పరీక్షలు

కొత్త రంగు కొనేటప్పుడు డబ్బా మీద సీసము 90 భాగాలకు మించలేదన్న ప్రకటన ఉన్నదో లేదో చదవవలెను. 2016 నిబంధనలు ఇండ్లకు వేసే రంగులకు వర్తిస్తవి. యంత్రాలకు, కర్మాగారాలకు వేసే రంగులకు కాదు. కాబట్టి మిగిలిపోయిన పారిశ్రామిక రంగు చవకగా వచ్చినదని గడపకు పూయరాదు.

రంగులో సీసమున్నదో లేదో ప్రయోగశాలలో ఎక్స్-కిరణాల సాయముతో కచ్చితముగా చెప్పవచ్చును. దాని సూత్రము విద్యార్థులకు ఆసక్తి కలిగించేదే. ఎక్స్-కిరణాలు తగిలినప్పుడు ప్రతి మూలకమూ తనకు ప్రత్యేకమైన కిరణాలను వెలువరిస్తుంది. వానిని బట్టి మూలకమును గుర్తుపడతారు. కాలేజీ ప్రయోగశాలలో లెడ్ ఎసిటేటు కాగితము హైడ్రోజన్ సల్ఫైడుకు నల్లబడడము చూస్తాము. పాత తైలవర్ణ చిత్రాలలో తెల్లసీసము కొన్ని చోట్ల నల్లబడడానికి కూడా ఈ చర్యయే కారణము. ఐతే హైడ్రోజన్ సల్ఫైడు విషవాయువు కాబట్టి ఇంటి దగ్గర ఈ ప్రయోగమునకు పూనుకోరాదు.

బిడ్డ ధూళిలో ఆడినాడన్న అనుమానము ఉంటే వైద్యుని అడిగి రక్తపరీక్ష చేయించవలెను. ఆకుకూరలు, పప్పులు, పాలు, రాగులు తినే పిల్లలకు సీసము తక్కువగా పడుతుంది. కాని లోనికి పోయిన సీసానికి ఇవి మందు కావు. సీసము బాగా ఎక్కువైనప్పుడు దానిని బయటకు లాగే మందులు ఉన్నవి. వానిని ఆస్పత్రిలో వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. ఏ మందైనా దెబ్బతిన్న మెదడును తిరిగి మునుపటివలె చేయలేదు. అందుచేత దీనికి నివారణయే చికిత్స.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థుల చేత తమ ఇంటిలో నూనెరంగు వేసిన చోటులు ఎన్నో, ఏది లేచిపోయి ఉన్నదో, సుమారు ఏ సంవత్సరములో వేసినదో ఒక పట్టిక వేయించండి. ఏదీ గీకవద్దని ముందే చెప్పండి. పైన చెప్పిన చదరపు అడుగు లెక్కను వారి ఇంటి తలుపు కొలతలతో చేయించండి. ఆ కాగితము ఇంటికి వెళ్ళి తల్లిదండ్రుల చేతిలో పడితే, పండుగకు రంగు వేయించే ముందు వారు ఒక్కసారి ఆలోచిస్తారు.

మా ఇంటి గడప రంగును నిరుటి మాఘములో ఈ పద్ధతిలోనే తీయించినాము. ఆరు పొరలు లేచినవి. అన్నిటికంటె అడుగున మంచి టేకు కనిపించినది. దానికి మరల ఎనామిల్ పూయలేదు. ఇప్పుడు శుక్రవారము నాడు మా అమ్మ పసుపుకొమ్ములు అరగదీసి ఆ గడపకు రాస్తున్నది. కల్యాణానికి వచ్చిన మా చెల్లెలి బిడ్డ ఆ గడప మీద కూర్చుని వేళ్ళు చీకుతూ ఉంటే, మేము ఎవ్వరమూ వాడిని లేవదీయలేదు.